ముప్పై ఏళ్ళు దాటిన మియాటా: ఇంట్లో ఏం చేసుకోవచ్చు, ఏది ముందు?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే 1994 మాజ్డా మియాటా కొన్నాను. 1.8 ఇంజిను, మాన్యువల్ గేర్లు, 1,28,000 మైళ్ళు తిరిగింది. ఇంజినుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. షాపులో చూపిస్తే రియర్ మెయిన్ సీల్ (ఇంజిను వెనక చివర ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి, 1,400 డాలర్లు అవుతుందన్నారు. వానొస్తే సీట్ల వెనక కార్పెట్ తడిసిపోతోంది. హ్యాండ్‌బ్రేక్ సరిగా పట్టదు. క్లచ్ ఒకరోజు బాగుంటుంది, ఇంకోరోజు పెడల్ నేల దాకా పోతుంది. గరాజ్ ఉంది, పని నేర్చుకోవాలని ఉంది. ముందు ఏది పట్టుకోవాలి? టర్బో కిట్ కూడా చూస్తున్నాను.

జవాబు:

ముందు ఆ టర్బో కిట్ కార్ట్‌లోంచి తీసెయ్యండి. ఈ ఏడాది దాని అవసరం లేదు. మీరు చెప్పిన నాలుగు కంప్లయింట్లలో ఆయిల్, క్లచ్ వేరువేరుగా కనిపిస్తున్నాయి గానీ మూలం దాదాపు ఒకటే. ఈ బండిలో రబ్బరు ఉన్న ప్రతి చోటా ఆ రబ్బరుకి ముప్పై ఏళ్ళు నిండాయి. 1,28,000 మైళ్ళు ఈ ఇంజినుకి పెద్ద లెక్క కాదు, నా దగ్గరున్న ఇదే తరం బండి అంతకంటే ఎక్కువే తిరిగింది. ఇంజినులో ఇనుము బాగానే ఉంటుంది. సీళ్ళు, ఓ-రింగులు, హోస్‌లు, బూట్లు (రబ్బరు తొడుగులు), బెల్టులే ముందు పోతాయి. అందుకని మొదటి ఏడాది డబ్బంతా రబ్బరుకే పెట్టండి.

ఒక ధైర్యం కూడా చెప్తాను. మనూళ్ళో మాజ్డా అంటే స్కూలు పిల్లల్ని ఎక్కించుకునే స్వరాజ్ మాజ్డా వ్యానే గుర్తొచ్చేది కాబట్టి ఈ కారు గురించి ఇంట్లోవాళ్ళకి చెప్పడం కష్టం గానీ, ప్రపంచంలో ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదే. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చింది, 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ బండి హిరోషిమాలో తయారైంది. అన్ని బండ్లు ఉన్నాయి కాబట్టి విడిభాగాలకి కరువు లేదు. మీ తరం బండికి కావలసిన టాపు, స్టీరింగు, ఆఖరికి పాత సైజు టైర్లు కూడా మాజ్డా కంపెనీ జపాన్‌లో మళ్ళీ చేయించింది. పాత స్పోర్ట్స్ కార్లలో సొంత చేత్తో పని నేర్చుకోవడానికి దీనికంటే తేలికైన బండి ఉందనుకోను.

ఇక ఆయిల్ సంగతి. ఆ 1,400 డాలర్లు ఇప్పుడే ఇవ్వకండి. ఈ ఇంజినులో గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ కనిపిస్తే నేను మొదట అనుమానించేది రియర్ మెయిన్ సీల్‌ని కాదు. ఇంజిను పైభాగమైన సిలిండర్ హెడ్ వెనక, ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య గోడకి (ఫైర్‌వాల్) ఆనుకున్నట్టుగా, క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ఎంత తిరిగిందో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటుంటుంది. దాని చుట్టూ ఒక ఓ-రింగు ఉంటుంది. అది గట్టిపడిపోతే ఆయిల్ మెల్లగా హెడ్ వెనక నుంచి జారి, బ్లాకు మీదుగా గేర్‌బాక్స్ కలిసే చోటికి వచ్చి, అక్కడ చుక్కలు కడుతుంది. కింద నుంచి చూసేవాళ్ళకి అచ్చం రియర్ మెయిన్ సీల్ కారినట్టే ఉంటుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ (హెడ్ మీది మూత కింద ఉండే రబ్బరు పట్టీ) వెనక మూలల్లో కారినా ఇదే దారి.

తేల్చుకోవడం తేలిక. ఇంజిను చల్లారాక హెడ్ వెనక భాగమంతా బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. నాలుగు రోజులు మామూలుగా తిప్పండి. తర్వాత చిన్న అద్దం, టార్చి పట్టుకుని చూడండి. పైన తడి ఉంటే కారేది పైనుంచే. పైన పొడిగా ఉండి కింద మాత్రమే తడి ఉంటే అప్పుడు షాపువాళ్ళ మాట నిజం అనుకోవచ్చు. అప్పుడు కూడా తొందరలేదు. క్లచ్ ప్లేటు మార్చే రోజు గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది, ఆ సీలు ఆ రోజే వేయించండి. ఈలోగా వారం వారం ఆయిల్ లెవెల్ చూసుకుంటే చాలు.

ఓ-రింగు మార్చే పని ఇలా. సెన్సర్‌ని ఒకే ఒక్క 12 ఎం.ఎం. బోల్టు పట్టి ఉంచుతుంది. ఆ బోల్టు విప్పకముందే సెన్సర్ అంచు మీద, హెడ్ మీద కలిపి ఒక సన్నటి గీత గీయండి. ఎందుకంటే ఆ సెన్సర్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, మారిపోతుంది. గీత ఉంటే మళ్ళీ అదే చోట కూర్చోబెట్టొచ్చు. తర్వాత అటూ ఇటూ ఆడిస్తూ వెనక్కి లాగండి, మొండికేస్తుంది, లాగుతూ ఉండండి. బయటికొచ్చిన పాత ఓ-రింగు చింతగింజలా గట్టిగా ఉంటుంది, గోరుతో నొక్కితే దిగదు. దాన్ని తీసి, గాడి శుభ్రంగా తుడిచి, కొత్తదానికి కాస్త ఇంజినాయిలు రాసి ఎక్కించండి. సెన్సర్ కొసన ఉండే నాలుక సరిగ్గా మధ్యలో ఉండదు, కాబట్టి తిరగేసి పెట్టే ప్రమాదం లేదు. ఒక్క తీరుగానే కూర్చుంటుంది. గీతలు కలిపి బిగించండి. టైమింగ్ లైట్ దొరికితే సరిచూసుకోండి. బానెట్ కింద డ్రైవర్ వైపు డయాగ్నసిస్ అని రాసి ఉన్న నల్ల డబ్బా ఉంటుంది, అందులో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు రంధ్రాల్ని వైరు ముక్కతో కలిపితే టైమింగ్ 10 డిగ్రీలు చూపించాలి. ఆ వైరు ముక్క దాచుకోండి. మీ 1994 బండికి, ఇప్పటి కార్లలో లోపాల కోడ్లు చదివే ఓబీడీ-2 స్కానర్ పనిచెయ్యదు. ఇంజిను ఆపి తాళం మాత్రం ఆన్ చేసి అవే రెండు రంధ్రాలు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకుతూ కోడ్ చెప్తుంది.

వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా అదే రోజు మార్చెయ్యండి. క్యామ్‌ల ముందూ వెనకా మూలల్లో చిటికెడు సిలికాన్ పెట్టడం మరవకండి, కారేది అక్కడే. బోల్టులు గట్టిగా బిగించాలని చూడకండి, వాటికి చాలా తక్కువ బిగువు చాలు. కవర్ ఎలాగూ తీస్తారు కాబట్టి స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ వైర్లు కూడా అప్పుడే. ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11 రకం వేసుకోండి. వైర్లు పాతబడితే ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది, చాలామంది దాన్ని పెట్రోల్ సమస్య అనుకుని తిరుగుతారు.

క్లచ్ మీరు చెప్పిన లక్షణాలకి స్లేవ్ సిలిండరే (పెడల్ తొక్కితే వచ్చే ఆయిల్ ఒత్తిడితో కింద క్లచ్‌ని కదిలించేది) అయి ఉంటుంది. ఈ బండ్లకి అది జలుబు లాంటిది, అందరికీ వస్తుంది. బండి కింద, ప్యాసింజర్ వైపు, గేర్‌బాక్స్ ముందు భాగానికి రెండు బోల్టులతో ఉంటుంది. దాని చివర ఉన్న రబ్బరు బూటు వేలితో వెనక్కి తియ్యండి. లోపల నుంచి బ్రేక్ ఆయిల్ కారితే ఇక చూడక్కర్లేదు. మార్చేటప్పుడు పైపు నట్టుకి మామూలు పానా పెట్టకండి, మూలలు అరిగిపోయి గుండ్రంగా అయిపోతుంది. బ్రేక్ పైపుల కోసం ఫ్లేర్ నట్ రెంచి అని వస్తుంది, అదే వాడండి. స్లేవ్ ఒక్కటే మార్చి వదిలేస్తే, కొత్తదాని ఒత్తిడికి పైన పెడల్ దగ్గర ఆ ఆయిల్‌ని నెట్టే పాత మాస్టర్ సిలిండర్ కొన్నాళ్ళకి కారడం మొదలెడుతుంది. రెండూ, మధ్యలో రబ్బరు హోసూ ఒకేసారి వేసుకోండి. మాస్టర్ కారుతోందో లేదో లోపల పెడల్ రాడ్డు దగ్గర వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. గాలి తియ్యడానికి ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, మీరు కింద నుంచి తొక్కు, వదలకు, వదులు అని చెప్తూ పోవాలి. ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ ఊడుతుంది, పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకోండి.

కార్పెట్ తడవడం చూసి టాపు పాడైందనుకుని కొత్త టాపు కొనెయ్యకండి. టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక, సీట్‌బెల్టు స్తంభాల దగ్గర రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. అవి వెనక చక్రాల ముందు కింద బయటపడతాయి. ఆకులు, దుమ్ము చేరి మూసుకుపోతే నీళ్ళు క్యాబిన్‌లోకి, పక్కన సిల్‌లోకి (తలుపు కింద పొడుగ్గా ఉండే బోలు అంచు) పోతాయి. ఆ సిల్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయటికి పెయింట్ ఉబ్బినట్టు కనిపించేసరికి లోపల ఇనుము ఉండదు. ఈ కారుని చంపేది ఇంజిను కాదు, ఈ తుప్పే. వెల్డింగ్ ఖర్చు మీ ఇంజిను ఖర్చుని మించిపోతుంది.

గ్లాసుడు నీళ్ళు ఒక పక్క పోసి చూడండి. కింద ధారగా రావాలి. రాకపోతే గడ్డి కోసే మెషీన్‌కి వేసే నైలాన్ తాడు ముక్క తీసుకుని మెల్లగా దూర్చి ఆడించండి. ఇనుప తీగ పెట్టకండి, గాలి కొట్టకండి, లోపల గొట్టం ఊడితే మళ్ళీ పెట్టడం నరకం. తలుపుల అడుగున కూడా చిన్న రంధ్రాలుంటాయి, అవీ చూడండి. ఆకులు రాలే రోజుల్లో ఇది తరచూ చెయ్యాల్సిన పని. కార్పెట్ తీసి కింద ఉన్న ఫోమ్ పూర్తిగా ఆరేదాకా మళ్ళీ వెయ్యకండి. టాపు దించేముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి పడుకోబెట్టాలి, చలిలో అసలు దించొద్దు, పగులుతుంది.

డిక్కీలో కుడివైపు మూల బ్యాటరీ ఉంటుంది, అక్కడ కూడా తుప్పు చూడండి. ఫ్యాక్టరీ నుంచి సీల్ చేసిన రకం వచ్చేది, దాని గ్యాస్ బయటికి పోవడానికి సన్న గొట్టాలుంటాయి. ఎవరో మామూలు బ్యాటరీ పెట్టి గొట్టాలు వదిలేస్తే యాసిడ్ ఆవిరికి ఆ మూల తినేసి ఉంటుంది.

ఇప్పుడు బ్రేకులు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. మీ కౌంటీలో పొగ పరీక్ష ఉంది గానీ అది ఇరవై నాలుగేళ్ళ లోపు బండ్లకే. అంటే మీ బండి బ్రేకులు, టైర్లు, లైట్లు చూడమని చట్టం ఇక ఎవర్నీ అడగదు. చూసుకోవాల్సింది మీరే. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2312 అని ఉంటే 2012లో 23వ వారం తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా అలాంటి టైరు మీద హైవే ఎక్కొద్దు.

హ్యాండ్‌బ్రేక్ పట్టకపోతే అందరూ కేబుల్ బిగిస్తారు. కారణం ఎక్కువసార్లు వెనక చక్రాల క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) ఉంటుంది. ముందు చక్రాల క్యాలిపర్ల పిస్టన్‌ని క్లాంపు పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. వెనకవి అలా పోవు, బలవంతంగా నొక్కితే లోపలున్న మర పాడవుతుంది. క్యాలిపర్ వెనక 14 ఎం.ఎం. బోల్టు ఒకటుంటుంది. దాన్ని తీస్తే లోపల 4 ఎం.ఎం. ఆలెన్ కీ పట్టే చిన్న స్క్రూ కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలేసి, ఆ స్క్రూని గడియారానికి ఎదురు దిశలో తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక గడియారం దిశలో తిప్పుతూ పోండి, డిస్కుని ప్యాడ్లు పట్టేసి చక్రం తిరగకుండా అవుతుంది. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. అంతే, రెండు పక్కలా అలా చేశాక చూడండి, కేబుల్ ముట్టుకోకుండానే హ్యాండ్‌బ్రేక్ పట్టవచ్చు. ప్యాడ్లు కొత్తవి వేసినా ఈ స్క్రూ సంగతి తెలియక వదిలేసిన బండ్లు చాలా చూశాను.

క్యాలిపర్ జారే పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టండి. క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదియ్యకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. రబ్బరు బ్రేక్ హోస్‌లు నాలుగూ మార్చండి, పైకి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయి. కొత్త ఆయిల్ పోసి గాలి తీశాక గల్లీలో మెల్లగా నాలుగుసార్లు ఆపి చూసి అప్పుడే రోడ్డెక్కండి. బ్రేక్ పని మొదటిసారి చేసేటప్పుడు, తెలిసినవాళ్ళని ఒకర్ని పక్కన నిలబెట్టుకోండి.

జాకీ గురించి కూడా ఇక్కడే. బండి ముందు మధ్యలో అడ్డంగా ఉన్న దూలం (క్రాస్‌మెంబర్) కింద, వెనక చక్రాల మధ్య ఉన్న గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) కింద ఎత్తొచ్చు. స్టాండ్లు సిల్ కింద గుర్తులున్న చోట పెట్టండి. ఫ్లోర్ కింద పొడుగ్గా కనిపించే పట్టీలు పల్చటి రేకు, వాటి కింద జాకీ పెడితే నలిగిపోతాయి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు. చక్రం తీశాక దాన్ని కూడా సిల్ కింద పడుకోబెట్టండి. చక్రాల నట్లు 21 ఎం.ఎం., 65 నుంచి 87 ఫుట్-పౌండ్ల మధ్య టార్క్ రెంచితో బిగించండి. మిగతా బండిలో ఎక్కువ పని 10, 12, 14 సాకెట్లతోనే అయిపోతుంది. ఊళ్ళో మారుతి 800 విప్పినవాళ్ళకి ఈ సైజులు కొత్త కాదు. స్క్రూలు మాత్రం జపాన్ కొలతవి, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జారి తల అరగదీస్తుంది. జేఐఎస్ అని అమ్మేవి ఒక సెట్ కొనుక్కోండి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. లెక్క 60,000 మైళ్ళు. మీ 1.8లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోతుందంతే. కాబట్టి టెన్షన్ పడి రేపే చెయ్యక్కర్లేదు, ఈ శీతాకాలం పెట్టుకోండి. వాటర్ పంపు ఈ బెల్టుతో తిరగదు గానీ అది బయటికి రావాలంటే ఈ బెల్టు తియ్యాలి. అందుకని పంపు, బెల్టుని బిగించి నడిపే చిన్న పుల్లీలు (టెన్షనర్, ఐడ్లర్), క్యామ్ సీళ్ళు రెండు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) సీలు అన్నీ ఒకేసారి. బెల్టు ఎక్కించాక క్యామ్ పుల్లీల మీద ఉన్న I, E అనే ఇంగ్లీషు అక్షరాల గుర్తుల మధ్య 19 పళ్ళు రావాలి. పంతొమ్మిదే. క్రాంక్‌ని పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ అక్కడికే వస్తున్నాయో లేదో చూసి, అప్పుడు కవర్ వెయ్యండి. ఇది చదివే వేరేవాళ్ళ దగ్గర 1990, లేదా 1991 తొలినాళ్ళ 1.6 బండి ఉంటే క్రాంక్ ముక్కు పొట్టిది కావొచ్చు. ముందున్న పుల్లీలో నాలుగు గాట్లు ఉంటే అదే. ఆ పుల్లీని క్రాంక్‌కి పట్టి ఉంచే బోల్టు విషయంలో మాన్యువల్ చదవకుండా చెయ్యి పెట్టొద్దు.

రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్. నల్లగా ఉంటే సరే, మట్టి రంగుకి తిరిగితే పగిలే రోజు దగ్గరపడింది. టెక్సస్ ఎండలో దానికోసం ఎదురుచూడకండి, హోస్‌లతో సహా ముందే మార్చండి. కూలెంట్ మొత్తం ఆరు లీటర్లు పడుతుంది. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. గిన్నె నేలమీద వదలకండి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చేటప్పుడు కింద బోల్టు విప్పకముందే పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ఆయిల్ అంతా కార్చేశాక పైది బిగుసుకుపోయి ఉంటే బండి గరాజ్‌లోనే. గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. గేర్ రాడ్డు దగ్గర వేడిగాలి తగులుతుంటే లోపలి రబ్బరు బూట్లు చిరిగాయి, అవి కూడా అప్పుడే.

పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టక్ టక్ మని చప్పుడొస్తే హడలిపోకండి. ఈ తరంలో వాల్వుల దగ్గర, ఆయిల్ ఒత్తిడితో సందు సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లుంటాయి, ఆయిల్ వేళకి మారుస్తుంటే చాలామటుకు తగ్గుతుంది. మీ 1994లో ఆయిల్ ప్రెషర్ మీటర్ నిజంగానే ప్రెషర్ చూపిస్తుంది, 1995 నుంచి వచ్చినవి ఉత్త బొమ్మలు. కాబట్టి దాని ముల్లు మీద కన్నేసి ఉంచండి.

షాపుకి వదిలెయ్యాల్సినవి కొన్నున్నాయి. సిల్ వెల్డింగ్, ఏసీ గ్యాస్, ఎయిర్‌బ్యాగ్ పక్కన ఏ పనైనా, వీల్ అలైన్‌మెంట్. అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళే వారం ముందు నుంచి, కింద సస్పెన్షన్ చేతుల దగ్గరున్న సర్దుబాటు బోల్టుల మీద రోజూ సాయంత్రం తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. ముప్పై ఏళ్ళుగా కదలకపోతే అవి బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. అప్పుడు షాపువాడు బోల్టు కోసెయ్యాలంటాడు, లేబర్ అక్కడే పెరుగుతుంది. బోల్టు కదలకపోతే నాకు ఏ చక్రం దగ్గరిదో రాయండి, ముందువాటికి, వెనకవాటికి బోల్టులు వేరు.